జ్ఞానమణి తేన్పు

జ్ఞానమణి కథ చాలా చిన్నది. ఆవిడ తినేది, తేన్చేది. అంతే. నర్సీపట్నంలో మిషన్ కాంపౌండ్ వెనక వీధిలో ఎవరినడిగినా ఈ రెండు ముక్కలూ చెప్పేసి తమ పని తాము చూసుకుంటారు.

కానీ తినాలంటే ముందు ఎవరో ఒకరు వండాలి. వండాలంటే ఇల్లాలు లేవాలి. ఆ వీధిలో అందరికన్నా ముందు లేచేది అప్పాయమ్మ. అప్పాయమ్మ లేచేది మొగుడి కోసం కాదు, గేదె కోసం. మొగుడు సోములు కూడా గేదె కోసమే లేచేవాడు. ఇద్దరూ చెరో పక్కనా నిలబడి దాని మొహంలోకి చూసేవారు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో వాళ్లు ఒకరి మొహం ఒకరు అంత శ్రద్ధగా చూసుకున్నట్టు సాక్ష్యం లేదు. గేదె మాత్రం వాళ్లిద్దరినీ చూసేది కాదు. చెవులు రిక్కించి వీధి చివరికి చూసేది.

వీధి చివర కట్టెల అడితి. దాన్ని ఆనుకుని తాటాకు పాక. ఆ పాకలో జ్ఞానమణి అప్పటికే అడ్డాకు కట్ట విప్పి నీళ్లు చిలకరించి కూర్చుని ఉండేది. మన్యం నుంచి బస్సు టాపు మీద దిగే ఆ ఆకుల్ని పుల్లలతో కుట్టి విస్తళ్లు చేయడం ఆవిడ పని. చుట్టుపక్కల ఏ పెళ్లిలో ఎవరు ఎంత కడుపారా తిన్నా, అన్నం కింద ఆవిడ కుట్టు ఉండేది. వంద విస్తళ్లయ్యేసరికి బాగా పొద్దెక్కేది. అప్పుడు ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్లింటికి భోజనానికి వెళ్లేది. చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని, పెట్టిన వాళ్లందరినీ పేరుపేరునా తలుచుకుని ప్రార్థన చేసి తినేది. ఆఖర్న తేన్చేది.

అదేమంత పెద్ద తేన్పు కాదు. సోములు తేన్పుతో పోలిస్తే గుసగుస. కానీ అది పడగానే గేదె పాలు చేపేది. కోళ్లు కొట్టుకోవడం మాని బుట్టల్లోకి వెళ్లి గుడ్లు పెట్టేవి. రాలిపోతున్న సొరపిందెలు పాదుకి నిలిచేవి. ఉయ్యాల్లో పిల్లలు తాగిన పాలు కక్కకుండా నిద్రపోయేవారు. అడితిలో ఏళ్ల తరబడి పడి ఉన్న పనస దుంగ ఒకటి ఏటా చిగుళ్లు వేసేది. చిగురేసే కర్ర ఎవడు కొంటాడని అడితి ఓనరు విసుక్కునేవాడు.

ఆవిడ కడుపు నిండితే, మిషన్ ప్రహరీ నుంచి అడితి దాకా ప్రాణమున్న ప్రతిదానికీ తిన్నది ఒంటపట్టేది. ఆవిడ కడుపు ఖాళీగా ఉంటే ఎవరికీ ఏదీ పట్టేది కాదు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. కొందరికి గొంతు బాగుంటుంది, కొందరికి హస్తవాసి ఉంటుంది. ఈవిడకి కడుపు.

చర్చి ఆడవాళ్లకి ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ పిడికెళ్లన్నీ గుళ్లోకి తెస్తారు, లేని వాళ్లకి పంచుతారు. ఆ వీధిలో ఆ పిడికెడు జ్ఞానమణిది. చూసి చూసి హిందువుల ఇళ్లలో కూడా కుండలు వెలిశాయి. అప్పాయమ్మ తన కుండని తలుపులమ్మ పటం కింద పెట్టింది. అమ్మవారు అభ్యంతరం చెప్పలేదు.

వంతులు రాసింది క్రీస్తురాజు మాస్టారు. రిటైరయిన టీచరు, చర్చి పెద్ద. రేపటి పని ఇవాళే చేసేసి, రేపు ఏం చేయాలో తోచక పక్కవాళ్ల పని చేసే మనిషి. సోమవారం తన ఇల్లు, మంగళవారం సోములిల్లు, అలా శనివారం దాకా ఎర్ర సిరాతో రాసి చర్చి తలుపుకి అంటించారు. సోమవారం సోములు గేదె పావు లీటరు తక్కువ ఇచ్చేది. దానికి కారణం మాస్టారి భార్య సువర్ణమ్మ సాంబారని వీధంతటికీ తెలుసు. సువర్ణమ్మకి తప్ప.

మంగళవారం సోములింట్లో జ్ఞానమణి అరుగు మీద కూర్చునేది. అక్కడ గాలి బాగా వస్తుందని అప్పాయమ్మ అనేది. ఆకు కదలని జ్యేష్ఠంలో కూడా గాలి బాగా వస్తుందనే అనేది. "అవునప్పా, సల్లగుంది," అని జ్ఞానమణి చెమట తుడుచుకునేది. తను కుట్టిన విస్తట్లో తిని, ఆ విస్తరి తనే తీసి పారేసేది.

డెబ్బై ఆరు మాఘమాసంలో సోములు కూతురు లోవలక్ష్మి పురిటికి పుట్టింటికి వచ్చింది. గొలుగొండలో ఇచ్చారు దాన్ని. అంతకు ముందు ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టి, వారం తిరక్కుండా పోయారు. ఇది మూడోది. ఏడున్నర నెలలకే పుట్టేసింది. ఆడపిల్ల. అరచేతిలో పెడితే ఇంకా చోటు మిగిలేలా ఉంది. చన్ను పట్టే శక్తి లేదు. లోవలక్ష్మి పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, నాలుగు చుక్కలు లోపలికి వెళ్లి మూడు బయటికి వచ్చేవి.

కాంపౌండర్ యేసురాజు వచ్చి చూశాడు. యేసురాజుకి డాక్టర్ కన్నా ఎక్కువ తెలుసని యేసురాజు అభిప్రాయం. ఆ రోజు మాత్రం తెలిసిందే చెప్పాడు.

"వైజాగ్ తీసుకెళ్దామంటే బస్సు కుదుపులకి ఆగదు. గుండె బాగుంది, ఊపిరి బాగుంది. పొట్ట ఒక్కటే ఇంకా పని నేర్చుకోలేదు. ఈ వారం రోజులూ చుక్కో రెండు చుక్కలో లోపల నిలిస్తే అదే నేర్చుకుంటుంది."

"నిలకపోతే ఏటి బాబూ?" అంది అప్పాయమ్మ.

యేసురాజు సంచీ సర్దుకున్నాడు. సర్దడానికి అందులో ఏమీ లేదు.

వార్త చర్చికి చేరింది. ఇరుగింటి వాళ్ల బిడ్డ కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెడదామని క్రీస్తురాజు మాస్టారు అన్నారు. గురువారం పొద్దున మొదలు, శనివారం సాయంత్రం ముగింపు. అప్పటికే పేర్లు రాయడానికి కాగితం గళ్లు గీసి తెచ్చారు. అందరికన్నా ముందు లేచింది జ్ఞానమణి.

"నా పేరు కూడా రాయండి మాస్టారండీ."

"మూడు రోజులమ్మా. ఉండగలవా?"

"నలభై ఏళ్లబట్టి ఆళ్ల సేతి కూడు తింతన్నానండీ. తినడం తప్ప ఆళ్లకి నానేటి సేసేను? ఈ మూడు దినాలైనా నన్ను ఇయ్యనీండి."

మాస్టారి కళ్లు చెమర్చాయి. ఎర్ర సిరాతో రాసుకున్నారు.

జ్ఞానమణి కడుపు సంగతి అందరికీ తెలుసు. ఉపవాసమంటే ఏమిటో కూడా అందరికీ తెలుసు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మంచి శుక్రవారం నాడు ఆవిడ మూడింటి దాకా ఉపవాసం ఉండేది గానీ, అంతవరకు వీధి ఓర్చుకునేది. ఒక పూటకి ఏం కాదు.

గురువారం పొద్దెక్కింది. తేన్పు లేదు. గేదె చేపలేదు. సోములు దూడని వదిలాడు, బతిమాలాడు, ఆఖరికి పాట పాడాడు. గేదె తన్నిన తన్నుకి గడ్డివాములో పడ్డాడు. పాట వల్లే తన్నిందని అప్పాయమ్మ తీర్పు చెప్పింది.

శుక్రవారం ఉదయం వీధి మొదట్లో హోటల్ నడిపే మత్స్యలింగం చర్చి మెట్ల దగ్గరికి వచ్చి గొడవ పెట్టాడు.

"రేతిరి రుబ్బిన పిండి రుబ్బినట్టే ఉంది మాస్టారూ. పొంగనేదు. అట్లేద్దామంటే రాయిలాగుంది. పెరుగు తోడుకోనేదు. నా హోటల్ మీద మీ ప్రార్థనలేటండీ?"

"మా ప్రార్థన బిడ్డ కోసమయ్యా," అన్నారు మాస్టారు గంభీరంగా. ఆయన నోట్లోంచి చక్రకేళి వాసన వస్తోంది. పండు భోజనం కిందికి రాదని ఆయన అంతకు ముందే ఒక నిర్ణయానికి వచ్చారు.

అక్కడే ఉన్న యేసురాజు కల్పించుకున్నాడు. "పెరుగులో కూడా జీవులుంటాయి మాస్టారూ. కంటికి కనపడవు. పిండిలోనూ ఉంటాయి. అవి పనిచేస్తేనే పొంగేది, తోడుకునేది. ఎందుకో అవన్నీ అలిగేయి."

"ఎవరి మీద?"

"అది నా సబ్జెక్టు కాదండీ."

లోపల వరసలో జ్ఞానమణి కళ్లు మూసుకుని ఉంది. ఆవిడకి ఇవేవీ వినపడలేదు.

సోములింట్లో శుక్రవారం మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు ఆగిపోయింది. నిద్రపోయిందనుకుంది లోవలక్ష్మి. కాదు. ఏడవడానికి కూడా కొంచెం తిని ఉండాలి. బుధవారం దాకా నాలుగు చుక్కల్లో ఒకటన్నా నిలిచింది. ఇవాళ పోసింది పోసినట్టు పెదవి పక్కనుంచి కారిపోతోంది.

"అమ్మా, ఇదీ ఎల్లిపోతంది," అంది లోవలక్ష్మి. అరవలేదు. మూడోసారి కదా, అరిచే ఓపిక అయిపోయింది.

అప్పాయమ్మ బయటికి వచ్చేసింది. కూతురి ఎదుట ఏడవకూడదని వచ్చింది. ఎక్కడ ఏడవాలో తెలియక గేదె పక్కన నిలబడింది. అలవాటు కొద్దీ దాని మొహంలోకి చూసింది. గేదె అలవాటు కొద్దీ వీధి చివరికి చూస్తోంది. ఇన్నేళ్లలో మొదటిసారి అప్పాయమ్మ కూడా గేదె చూసే వైపు చూసింది.

పాక గుమ్మంలో అడ్డాకు కట్ట విప్పకుండా ఉంది. ఆకులు ఎండి ముడుచుకున్నాయి.

"ఒలమ్మో! జ్ఞానమణప్ప తిననేదు!" అని చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తింది.

చర్చి మెట్ల దగ్గర ఆగిపోయింది. ఎన్నడూ లోపలికి వెళ్లిన మనిషి కాదు. బయటినుంచే కేకేసింది.

"అప్పా! జ్ఞానమణప్పా! లెగు! బేగి వచ్చి తిను!"

ప్రార్థన ఆగింది. జ్ఞానమణి గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వచ్చింది. రెండు రోజులకే కళ్లు లోతుకి పోయాయి.

"రేపు సాయంత్రం దాకా ఒట్టు పెట్టుకున్నానప్పా. దేవుడికి పెట్టిన ఒట్టు. నీ మనవరాలి కోసమే."

"నా మనవరాలు రేపటి దాకా ఉండదే! నువ్వు మానేసిన కాడినుంచి దానికి సుక్క నిలవడం లేదు. గేదె సేపడం లేదు. మత్స్యలింగం పిండి పొంగడం లేదు. సూడవేటి?"

వెనకాల ఉన్న వాళ్లందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు నోరు తెరిచి మూశారు. చక్రకేళి వాసన మరోసారి వచ్చింది.

జ్ఞానమణి మెట్టు మీద కూలబడింది. "ఒక్కసారైనా మీకు ఇద్దామనుకున్నానప్పా. ఎప్పుడూ తినడమే. ఒక్కపాలైనా..."

"నువ్వు తినడమే మాకు ఇయ్యడం. ఒట్టు నీదే, కాదన్నానా? కడుపు నీది కాదు గదా. అది వీధందరిదీని. లెగు, నా తల్లి కదూ."

ఒట్టు మధ్యలో విడవడానికి వాక్యంలో ఏదైనా ఆధారం ఉందేమో చూస్తాను, ఒక్క నిమిషం ఆగండని మాస్టారు బైబిలు తెరిచారు. ఆయనకి ఆధారం ఆదివారం సాయంత్రం దొరికింది. అప్పటికి దాంతో ఎవరికీ పని లేదు.

జ్ఞానమణి సోములింటికి వచ్చి, అలవాటు ప్రకారం అరుగు ఎక్కి కూర్చోబోయింది.

"అక్కడ కాదు," అంది అప్పాయమ్మ.

"ఇక్కడ గాలి..."

"ఇయ్యాల గాలి నేదు. లోపలికి రా."

పురిటి మైల ఉన్న ఇల్లు. పదకొండో రోజు దాకా బయటివాళ్లెవరూ అక్కడ మెతుకు ముట్టరు. పైగా ఆ ఇంటి నడవ దాటి జ్ఞానమణి ఏనాడూ లోపలికి అడుగు పెట్టలేదు. అప్పాయమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని నడవ దాటించి, వంటిల్లు దాటించి, పురిటి గదిలోకి తీసుకెళ్లి, పిల్లని పడుకోబెట్టిన చాప పక్కనే కూర్చోబెట్టింది. విస్తరి కోసం జ్ఞానమణి చుట్టూ చూసింది. అప్పాయమ్మ సోములు కంచం తెచ్చి ముందు పెట్టింది. సోములు కాదనలేదు. ఆ క్షణంలో గేదెనే అడిగినా ఇచ్చేసేవాడు.

బాలింతకి వండిన పథ్యమే పెట్టింది. వెల్లుల్లి కారం, వేడన్నం, మీద నెయ్యి. జ్ఞానమణి చేతులు కడుక్కుని కళ్లు మూసుకుంది. బయట వీధంతా నిలబడి ఉంది. బేగి కానిమ్మని అరవాలని అందరికీ ఉంది గానీ ప్రార్థన మధ్యలో ఎలా అరుస్తారు? ఆవిడ ఎప్పటిలాగే ఒక్కొక్కరి పేరు తలుచుకుంది. సోములు, అప్పాయమ్మ, లోవలక్ష్మి. గేదెని కూడా తలుచుకుంది. ఆఖర్న ఆగి, "పేరు నేని ఈ గుంటని," అంది. ఆమెన్ చెప్పి ముద్ద నోట్లో పెట్టుకుంది.

మొదటి ముద్ద దిగలేదు. మంచినీళ్లు తాగింది. రెండోది దిగింది. మూడోదానికి ఆకలి తెలిసింది. అప్పాయమ్మ వడ్డిస్తూనే ఉంది. మారు అన్నం, మళ్లీ మారు అన్నం. నాలుగోసారి వడ్డించబోతే జ్ఞానమణి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, తేన్చింది.

పెరట్లో సోములు గేదె ఎవరూ పొదుగు ముట్టకుండానే పాలు నేల మీదికి వదిలేసింది. హోటల్లో పిండి పొంగి గిన్నె మూత కింద పడిన చప్పుడు వీధి మొదటినుంచి వినపడింది. పిల్ల మూతి సున్నాలా చుట్టింది. లోవలక్ష్మి ఉగ్గుగిన్నె వంచింది. ఒక చుక్క. రెండు. పది. అందరూ పెదవి పక్కకే చూస్తున్నారు. ఏదీ కారలేదు.

కాసేపటికి పిల్ల ఏడ్చింది. ఆ వీధిలో అంత బాగున్న ఏడుపు ముందూ వెనకా ఎవరూ వినలేదని ఇప్పటికీ అంటారు. సోములు పాట కన్నా చాలా నయం.

పిల్లకి మణి అని పేరు పెట్టారు. ఆ తర్వాత మంగళవారాల్లో జ్ఞానమణి ఆ ఇంట్లో లోపలే తినేది. గాలి గురించి అక్కడ మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

పదకొండేళ్లు గడిచాయి. ఎనభై ఏడు ఎండాకాలంలో జ్ఞానమణి కడుపు పని మానేసింది. గంజి తాగినా వచ్చేసేది, మజ్జిగ తాగినా వచ్చేసేది. యేసురాజు ఈసారి పెద్ద డాక్టర్నే తీసుకొచ్చాడు. లోపల పుండు ముదిరిందనీ, ఈ వయసులో కోయలేమనీ, వారం రోజులని ఆయన చెప్పి వెళ్లిపోయారు. పాదులు వాడిపోయాయి. గేదె కూతురు, అంటే ఇప్పటి గేదె, కుడితి ముట్టలేదు. ఇంటింటి నుంచీ ఒకరు వచ్చి మంచం పక్కన కూర్చుని, ఆవిడ కడుపు వల్ల తమ ఇంట్లో ఎవరెవరు బతికారో చెప్పి వెళ్లేవారు. జ్ఞానమణి ఊఁ కొడుతూ వినేది. "నాదేటుందండీ, పెట్టినోళ్లు మీరు," అనేది.

క్రీస్తురాజు మాస్టారు ఏ పనైనా ముందే చేసే మనిషి కదా. అడితిలో చిగురేసే పనస దుంగని కోయించి సమాధి పెట్టె చేయించారు. అయిదు పాటలు ఎంచి క్వాయర్ చేత ప్రాక్టీసు కూడా చేయించారు, పాకకి వినపడేంత దగ్గర్లోనే. రెండో పాట చరణంలో శృతి తప్పారని జ్ఞానమణి మంచం మీంచే కబురు చేసింది.

ఆరో రోజు మధ్యాహ్నం గొలుగొండ బస్సు దిగి మణి వచ్చింది, ఎండాకాలం సెలవులకి. సంచీ కింద పడేసి నేరుగా పాకలోకి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"మణమ్మా, నాకాకలేత్తంది," అంది. జ్ఞానమణిని ఆ పిల్ల అలాగే పిలిచేది.

"సావు మంచం కాడ తిండేటే గుంటా!" అని అప్పాయమ్మ కసిరింది.

"తిననీ అప్పా," అంది జ్ఞానమణి. "పెట్టు. ఆ పైనున్న విస్తరి తియ్యి. అది నాను కుట్టిందే."

అప్పాయమ్మ చద్దన్నంలో పెరుగు కలిపి, ఉల్లిపాయ కోసి పెట్టింది. మణి చేతులు కడుక్కుంది. జ్ఞానమణి చేసినట్టే కళ్లు మూసుకుని అందరి పేర్లూ చెప్పింది. కొన్ని మర్చిపోతే జ్ఞానమణి అందించింది. తర్వాత మణి తినడం మొదలుపెట్టింది. గొలుగొండ నుంచి ఖాళీ కడుపుతో వచ్చిన పిల్ల, తలెత్తకుండా తింది. మారు వేయించుకుంది. విస్తరి నాకింది.

మంచం మీద జ్ఞానమణి తేన్చింది.

పొద్దున తాగిన రెండు చెంచాల గంజి వెనక్కి రాలేదు. సాయంత్రం మణి మళ్లీ తింది, జ్ఞానమణి అరగ్లాసు తాగింది, అదీ నిలిచింది. వారం అయిపోయింది. రెండో వారం కూడా అయిపోయింది. క్వాయర్ వాళ్లు పాటలు మర్చిపోయారు.

మణి గొలుగొండ తిరిగి వెళ్లలేదు. ఇక్కడే హైస్కూల్లో చేర్చారు. చర్చి తలుపు మీది కాగితంలో జ్ఞానమణి అన్న చోట మాస్టారు మణి అని దిద్దారు. పిడికెడు బియ్యం కుండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సోమవారం ఆ పిల్ల సువర్ణమ్మ సాంబారు వద్దని మొహం మీదే చెప్పేస్తుంది కాబట్టి, పాలు సోమవారం కూడా తగ్గడం లేదు.

పెట్టె దండగ కాలేదు. జ్ఞానమణి అందులో అడ్డాకులు దాచుకుంటోంది. మూత గట్టిది, ఎలకలు దూరవు. వానాకాలంలో పెట్టె చిగుళ్లు వేస్తుంది, ఆవిడ తుంచేస్తుంది.